వీగన్ అతిథి వస్తే: నెయ్యి, పెరుగు లేని తెలుగు విస్తరి

మూడేళ్ల క్రితం మా అన్నయ్య కూతురు పెళ్లయ్యాక మొదటిసారి భర్తతో కలిసి మా ఇంటికి భోజనానికి వచ్చింది. అల్లుడుగారు వీగన్ అని ముందే చెప్పింది. మాంసం, చేప, గుడ్డు మా ఇంట్లో ఎలాగూ వండం కాబట్టి, చూసుకోవలసింది పాలు, పెరుగు మాత్రమే అనుకున్నాను. పాయసం మానేశాను, మజ్జిగ పులుసు మానేశాను. ముద్దపప్పు, గుత్తి వంకాయ కూర, దోసకాయ పచ్చడి, చారు, పులిహోర చేశాను. తీరా అందరూ విస్తళ్ల ముందు కూర్చున్నాక మా అమ్మ అలవాటు కొద్దీ నేతి గిన్నె తెచ్చి అల్లుడుగారి పప్పన్నం మీద ధారాళంగా వడ్డించింది. చారుకు నేను పెట్టిన తాలింపు కూడా నేతిదే. ఆయన ఒక్క మాట అనలేదు. పులిహోర, వంకాయ కూర తిని లేచారు. పప్పన్నం విస్తట్లో అలాగే మిగిలిపోయింది. ఆ విస్తరి తీస్తున్నప్పుడు నాకు కలిగిన బాధ ఇప్పటికీ గుర్తుంది.

ఆ తరువాత ఆయన మా ఇంటికి చాలాసార్లు వచ్చారు. ఆయనకు వండిపెడుతూ నేను గమనించిన సంగతి ఒకటుంది. మన రోజువారీ వంటలో పాల పదార్థాలు అసలు వంటకంలో ఉండేది తక్కువ. అవి వచ్చి చేరేది ఎక్కువగా మూడు చోట్ల: తాలింపులో, వడ్డనలో, చివరి ముద్దలో. ఈ మూడింటినీ జాగ్రత్తగా చూసుకుంటే వీగన్ అతిథికి నిండు విస్తరి వడ్డించడానికి కొత్త వంటలేవీ నేర్చుకోనక్కరలేదు.

మొదటి అడుగు: నమ్మకాన్ని అర్థం చేసుకోవడం

వీగన్లు మాంసం, చేపలు, గుడ్లతో పాటు పాలు, పెరుగు, వెన్న, నెయ్యి, పనీరు, కోవా, తేనె కూడా తినరు. చాలామంది తోలు, పట్టు, ఉన్ని కూడా వాడరు. జంతువును మన అవసరానికి వాడుకోకుండా, వీలైనంత వరకు దాన్ని బాధపెట్టకుండా బతకాలన్నది వారి నియమం. 1944 నవంబరులో ఇంగ్లండులో డొనాల్డ్ వాట్సన్, మరికొందరు కలిసి వీగన్ సొసైటీని స్థాపించారు. వెజిటేరియన్ అనే మాటకు ఇంగ్లీషు స్పెల్లింగులోని మొదటి మూడు, చివరి రెండు అక్షరాలు కలిపి ఈ పేరు పెట్టుకున్నారు. అప్పటికి పాలు, గుడ్లు తినే శాకాహారులతో వారికి ఉన్న అభిప్రాయభేదమే దానికి కారణం.

పేరు విదేశాలది కావచ్చు కానీ ఆలోచన మనకు కొత్త కాదు. ఎక్కువ పాలు పిండుకోవడానికి పశువులను పెట్టే హింస గురించి తెలుసుకున్న గాంధీ, 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫామ్‌లో ఉండగా పాలు మానేశారు. తరువాత తీవ్రమైన అనారోగ్యంలో, కస్తూర్బా మాట మీద, మేకపాలు తీసుకున్నారు. ప్రతిజ్ఞ చేసినప్పుడు తన మనసులో ఉన్నవి ఆవు, గేదె పాలేనని సరిపెట్టుకున్నా, ఆ ప్రతిజ్ఞ స్ఫూర్తిని తప్పానన్న బాధ తనను వదలలేదని ఆత్మకథలో రాసుకున్నారు.

పాలు ఎందుకు వద్దంటారో పల్లెలో పెరిగినవారికి చెప్పడం తేలిక. ఆవు గానీ గేదె గానీ ఈనితేనే పాలిస్తుంది. ఆ పాలు దూడ కోసం వచ్చినవి. పెయ్యదూడ అయితే రేపు పాలిస్తుందని పెంచుతారు. ఎద్దులతో దున్నే రోజులు పోయాక కోడెదూడతో పని లేదు. గేదెకు పుట్టిన మగదూడతో అంతకన్నా పని లేదు. చాలావాటి దారి కబేళాకే. మనం ఇష్టంగా తినే జున్ను, ఈనిన మొదటి రోజుల్లో దూడ తాగవలసిన పాలతో చేసేది. ఇవన్నీ తెలిసి పాలు మానుకున్న మనిషికి "ఒక్క చుక్క నెయ్యే కదా" అన్న మాట ఎలా వినిపిస్తుందో ఆలోచించండి. ఈ వాదన మీకు సమ్మతం కాకపోవచ్చు. నేనూ ఇప్పటికీ మజ్జిగ తాగుతున్నాను. కానీ అతిథి నియమాన్ని మన్నించడానికి దానితో ఏకీభవించనక్కరలేదు. ఏకాదశి ఉపవాసం ఉన్నవారిని బలవంతం చేయం కదా, ఇదీ అలాంటిదే.

కొందరు జంతువుల మీద దయతోను, కొందరు పర్యావరణం కోసమూ, ఇంకొందరు ఆరోగ్యం కోసమూ వీగన్లు అవుతారు. కారణాన్ని బట్టి పట్టింపు మారుతుంది.

వీగన్ అంటే జైన ఆహారం అనుకోవడం చాలా ఇళ్లలో జరిగే పొరపాటు. జైనులు దుంపలు, ఉల్లి, వెల్లుల్లి తినరు కానీ చాలామంది పాలు, నెయ్యి తీసుకుంటారు. వీగన్లకు ఉల్లి, వెల్లుల్లి, దుంపలు అన్నీ పనికివస్తాయి, పాలే పనికిరావు. మన వాడుకలో శుద్ధ శాకాహారం అంటే గుడ్డు కూడా లేని భోజనం, కానీ అందులో పెరుగన్నం తప్పకుండా ఉంటుంది. అందుకే వంట చేసేవారికి "శుద్ధ శాకాహారం కావాలి" అని చెబితే సరిపోదు. పాలు, పెరుగు, నెయ్యి, తేనె వద్దని విడివిడిగా పేరు పెట్టి చెప్పాలి.

రెండో అడుగు: రెండు రోజుల ముందు ఫోను

మొహమాటపడకుండా ముందే అడగండి. అతిథిని నేరుగా అడగడం ఇబ్బందిగా ఉంటే మధ్యవర్తిని అడగవచ్చు. నేను మా మేనకోడలిని అడిగాను: "అమ్మాయ్, అల్లుడుగారు తేనె తీసుకుంటారా? వేరుశనగలు, జీడిపప్పు, కొబ్బరి పడతాయా? ఉల్లి, వెల్లుల్లికి అభ్యంతరం ఉందా?" వేరుశనగ ప్రశ్న తప్పనిసరి. నెయ్యి, పెరుగు తీసేసిన చోట మనం ఆశ్రయించేవి వేరుశనగ, నువ్వులు, జీడిపప్పు, కొబ్బరి. వాటిలో ఏదైనా పడని మనిషికి తెలియకుండా పెడితే ప్రాణం మీదికి రావచ్చు.

మాంసం వండే ఇల్లయితే ఇంకో ప్రశ్న అడగాలి: అదే గిన్నెలో వండితే తింటారా? శుభ్రంగా తోమితే చాలంటారు కొందరు, వేరే గిన్నె కావాలంటారు కొందరు. చేపలు వేయించిన నూనె మాత్రం ఏ పరిస్థితిలోనూ వాడవద్దు.

మూడో అడుగు: వంటింట్లో దాగి ఉన్న పాలు

మన దేశంలో ప్యాకెట్ల మీద ఉండే ఆకుపచ్చ చుక్క వీగన్ గుర్తు కాదు. పాలు, తేనె ఉన్న పదార్థాలకూ ఆ చుక్క ఉంటుంది. వీగన్ ఆహారానికి విడిగా నిబంధనలు 2022లో వచ్చాయి. ఆకుపచ్చని ఇంగ్లీషు వి (V) అక్షరం, దాని మీద చిన్న ఆకు ఉన్న గుర్తు దానికోసం ఏర్పాటు చేసిందే. అది లేని ప్యాకెట్ అయితే వెనకవైపు పదార్థాల పట్టిక చదవండి. బ్రెడ్డు, బిస్కెట్లు, చాక్లెట్లు, సూపు పొడుల్లో పాలపొడి, వెన్న తరచుగా ఉంటాయి.

ఇంట్లో చేసుకునేవాటిలో నన్ను ఎక్కువగా తికమక పెట్టినవి చల్ల మిరపకాయలు. ఎండిన మిరపకాయలు చూస్తే పెరుగు గుర్తుకే రాదు, కానీ వాటిని ఊరబెట్టేది మజ్జిగలోనే. మైసూరు బజ్జీ పిండిలో పెరుగు కలుపుతారు. రవ్వ దోసెలో, రవ్వ ఇడ్లీలో పుల్లటి మజ్జిగ పోస్తారు. జంతికల పిండిలో గుల్లతనం కోసం వెన్న పడుతుంది. వెన్నకు బదులు కాచిన నూనె పోస్తే దాదాపు అంతే గుల్లగా వస్తాయి. మిఠాయి దుకాణం నుంచి తెచ్చే వాటిలో పూతరేకులు, మైసూర్‌పాక్, లడ్డు, కోవా వంటివి అన్నీ పక్కన పెట్టాల్సిందే. నేతి డబ్బాలో ఉండే చెంచాను తాలింపు గరిటెగా వాడకండి, దోసెల పెనం మీద ఉన్న నేతి జిడ్డు కడగడం మరవకండి.

అమెరికాలో ఉంటున్న తెలుగువారికి పంచదార విషయం కూడా చెప్పాలి. అక్కడ కొన్ని కర్మాగారాల్లో చెరకు పంచదారను తెల్లబరచడానికి పశువుల ఎముకల బొగ్గు వాడతారు. అందుకని పట్టింపు ఉన్న వీగన్లు బీటు దుంప పంచదారో, సేంద్రియ ధ్రువీకరణ ఉన్న పంచదారో ఎంచుకుంటారు. బెల్లం వాడితే ఈ చింతే ఉండదు.

నాలుగో అడుగు: విస్తరి కూర్పు

మార్చాల్సిన వాటిని పట్టుకొని కూర్చోకుండా, ముందు మనకు పుట్టుకతోనే వీగన్ అయిన వంటల నుంచి ఏరుకోండి. పులిహోర, పెసరట్టు, అల్లం పచ్చడి, గోంగూర పచ్చడి, కంద బచ్చలి కూర, పనసపొట్టు ఆవకూర, దప్పళం, పప్పుచారు, ఉలవచారు, గుమ్మడి వడియాలు, ఆవకాయ, మాగాయ. తెలంగాణ ఇళ్ల నుంచి సర్వపిండి, సకినాలు, పచ్చిపులుసు. హైదరాబాదీ బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ చిక్కదనమంతా వేరుశనగ, నువ్వులు, కొబ్బరిదే. ఇంత సంపద చేతిలో ఉండగా సోయా ముక్కలు తెచ్చి మాంసంలా వండాలని తాపత్రయపడటం అనవసరం అని నా అభిప్రాయం.

విస్తరికి ఆధారంగా నేను ఎప్పుడూ పెట్టేది గుత్తి వంకాయ. ఆరుగురికి అర కిలో లేత గుండ్రటి వంకాయలు తీసుకోండి. పావు కప్పు వేరుశనగ గుళ్లు సన్నని సెగ మీద దోరగా వేయించి తీయండి. అదే మూకుట్లో చెంచాడు ధనియాలు, అర చెంచా జీలకర్ర, ఆరు ఎండుమిరపకాయలు, రెండు పెద్ద చెంచాల ఎండుకొబ్బరి తురుము, చివరగా రెండు పెద్ద చెంచాల నువ్వులు వేయండి. నువ్వులు చిటపటలాడగానే దించాలి. మాడితే చేదెక్కి కూరంతా పాడవుతుంది. ఉప్పు, పసుపు, చిన్న బెల్లం ముక్క చేర్చి బరకగా పొడి చేసి, నిమ్మకాయంత చింతపండు నానబెట్టి తీసిన రసంలో కొంచెం పోసి ముద్దగా కలపండి. వంకాయలను తొడిమ ఉంచి నాలుగు పక్షాలుగా చీరి, ఉప్పునీళ్లలో వేసుకొని, ఒక్కొక్కటి తీసి ముద్ద కూరండి. నాలుగైదు పెద్ద చెంచాల వేరుశనగ నూనె కాగాక వంకాయలు పరిచి మూతపెట్టి, మధ్యమధ్య తిప్పుతూ పదిహేను నిమిషాలు మగ్గనివ్వండి. మిగిలిన ముద్ద, చింతపండు రసం, అర గ్లాసు నీళ్లు పోసి నూనె పైకి తేలేవరకు ఉడికించండి. ఈ కూరకు నెయ్యి లోటు తెలియదు.

ఐదో అడుగు: తాలింపు, పప్పు

పప్పన్నంలో నెయ్యి రెండు పనులు చేస్తుంది: సువాసన ఇస్తుంది, పప్పును నాలుక మీద మెత్తగా జారేలా చేస్తుంది. నెయ్యిని తీసేసి ఊరుకుంటే పప్పు పొడిగా, వెలితిగా ఉంటుంది. కందిపప్పును కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి ఉడికించండి, మామూలుకన్నా కాస్త జారుగా ఉంచండి. నెయ్యి వేసుకునే చోట గానుగ నువ్వుల నూనె పచ్చిదే ఒక చెంచా వడ్డించండి. కందిపొడి, కరివేపాకు పొడి, ఆవకాయ అన్నంలోకి చాలా ఇళ్లలో ఇది ముందునుంచీ ఉన్నదే. ముద్దపప్పులోకి నాలుగు జీడిపప్పులు నానబెట్టి వెన్నలా రుబ్బి కలిపితే ఆ మెత్తదనం వస్తుంది. చారు తాలింపుకు నూనెలో ఇంగువ కాస్త ఎక్కువ వేసి, కొత్తిమీర చివర్లో చల్లితే సరిపోతుంది.

ఆరో అడుగు: కొబ్బరిపాల పాయసం

విస్తట్లో తీపి లేకపోతే మన మనసు ఒప్పదు. నువ్వుల ఉండలు, బెల్లంతో చేసిన కొబ్బరి లౌజు తేలిక. బొబ్బట్లు నూనెతో ఒత్తి నూనెతోనే కాల్చవచ్చు. సున్నుండలకు మాత్రం నెయ్యే ప్రాణం, వాటి జోలికి పోవద్దు. కానీ పెద్ద విందుకు పెసరపప్పు పాయసమే చేయండి.

పెద్ద కొబ్బరికాయ ఒకటి తురిమి, ముప్పావు కప్పు గోరువెచ్చని నీళ్లతో రుబ్బి, పల్చటి గుడ్డలో పిండితే వచ్చేవి చిక్కటి మొదటి పాలు. అదే పిప్పిని కప్పున్నర నీళ్లతో మళ్లీ రుబ్బి పిండితే రెండో పాలు. వీటిని కలపకూడదు. అర కప్పు పెసరపప్పు ఎర్రగా వేయించి, నీళ్లు పోసి మెత్తగా ఉడికించండి. ముప్పావు కప్పు బెల్లం కొద్ది నీళ్లలో కరిగించి, ఇసుక లేకుండా వడకట్టి పప్పులో పోయండి. రెండో పాలు పోసి సన్నని సెగ మీద ఐదారు నిమిషాలు ఉంచండి. పొయ్యి కట్టేసి, వేడి కాస్త తగ్గాక మొదటి పాలు, యాలకుల పొడి కలపండి. మొదటి పాలు తెర్లకూడదు. తెర్లితే నూనె వేరుపడి పాయసం విరిగినట్టు అవుతుంది. జీడిపప్పు, కొబ్బరి ముక్కలు, కిస్‌మిస్ చెంచాడు కొబ్బరి నూనెలో వేయించి పైన వేయండి. మళ్లీ వేడి చేయాల్సి వస్తే గిన్నెను వేడినీళ్లలో పెట్టండి.

ఏడో అడుగు: చివరి ముద్ద

పెరుగన్నం తినకపోతే భోజనం ముగిసినట్టే ఉండదు మనకు. అందరూ పెరుగు కలుపుకుంటుంటే ఒక్కరు చేయి ఊరికే పెట్టుకొని కూర్చోవడం చూసేవారికీ కష్టమే. దానికి పరిష్కారం వేరుశనగ పెరుగు. మూడు రోజుల ముందే మొదలుపెట్టాలి.

కప్పు వేరుశనగ గుళ్లు ఎనిమిది గంటలు నానబెట్టి, పొట్టు తీసి, మొత్తం మూడు కప్పుల నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ మెత్తగా రుబ్బి పల్చటి గుడ్డలో వడకట్టండి. ఈ పాలను అడుగంటకుండా కలుపుతూ సన్నని సెగ మీద పది నిమిషాలు మరిగిస్తే పచ్చి వాసన పోతుంది. వేలు పెడితే గోరువెచ్చగా తగిలేంత చల్లారాక, కడిగి తుడిచిన ఎనిమిది పచ్చిమిరప ముచికలు అందులో వేసి మూతపెట్టి వెచ్చని చోట పది పన్నెండు గంటలు ఉంచండి. చలికాలంలో ఇంకా ఎక్కువ పడుతుంది. తోడుకు మామూలు పెరుగు వాడితే పడిన శ్రమంతా వృథా అవుతుంది. మొదటిసారి తోడుకున్నది పల్చగా, కాస్త మిరప వాసనతో ఉంటుంది. ముచికలు తీసేసి, రెండు చెంచాలు దాన్నుంచి తీసి మళ్లీ కాచిన వేరుశనగ పాలకు తోడు పెడితే రెండోసారి గట్టిగా, కమ్మగా వస్తుంది. విస్తట్లో పెట్టవలసింది ఈ రెండోది.

అన్నం మెత్తగా వండి మెదిపి, పూర్తిగా చల్లార్చి, ఈ పెరుగు, ఉప్పు, అల్లం తురుము కలిపి, నూనెలో ఆవాలు, మినప్పప్పు, మిరపకాయ, కరివేపాకు, ఇంగువ తాలింపు పెట్టండి. పులుపు చాలకపోతే నాలుగు నిమ్మచుక్కలు. వేరుశనగ రుచి కొంచెం తెలుస్తూనే ఉంటుంది. అది లోపం కాదు. వ్యవధి లేకపోతే చిక్కటి కొబ్బరిపాలలో నిమ్మరసం పిండి అన్నంలో కలపవచ్చు, లేదా నగరాల్లో దొరికే మొక్కల పెరుగు తెచ్చుకోవచ్చు.

ఎనిమిదో అడుగు: గుమ్మం దగ్గర నుంచి వడ్డన వరకు

అతిథి కూర్చోగానే మన చేతిలోకి వచ్చేది కాఫీ గ్లాసు. ఓట్సు పాలో సోయా పాలో ఇంట్లో ఉంటే ముందు పాలను వేడి చేసి, వాటిలోకి డికాక్షను నెమ్మదిగా పోయండి; వేడి డికాక్షనులోకి చల్లటి సోయా పాలు పోస్తే విరుగుతాయి. లేదంటే అల్లం, నిమ్మరసం వేసిన పాలులేని టీ. ఎండాకాలమైతే మజ్జిగకు బదులు పానకం ఇవ్వండి. మిరియాలు, యాలకులు, బెల్లం వేసిన పానకం మా అల్లుడుగారు రెండు గ్లాసులు తాగుతారు.

వడ్డనలో ఒక నియమం పెట్టుకోండి: అందరికీ వండే పప్పు, కూర, చారు అన్నీ నెయ్యి లేకుండానే వండాలి. నెయ్యి, పెరుగు కావలసినవారికి విడి గిన్నెల్లో, విడి గరిటెలతో చివర్లో తిప్పాలి. ఒకరికి వేరే కుండలో వండి పక్కన పెడితే ఆ మనిషి పంక్తిలో ఉండీ వేరైపోతారు. వడ్డించే పెద్దవాళ్లకు భోజనానికి ముందే చెప్పి ఉంచండి. మా అమ్మకు చెప్పినప్పుడు "నాకు ముందే చెబితే వేసేదాన్నా?" అని నొచ్చుకుంది. అప్పటి నుంచి అల్లుడుగారి విస్తరి పక్కన నువ్వుల నూనె గిన్నె పెట్టేది ఆమే.

కొసరి కొసరి వడ్డించడం మన ప్రేమ. పప్పు, కూర ఎంతైనా కొసరండి. "ఈ ఒక్క పూటకు ఏమవుతుంది" అని మాత్రం అనవద్దు. మాంసకృత్తులు ఎక్కడ నుంచి వస్తాయి, పాలు మానితే ఎముకలు ఏమవుతాయి అన్న చర్చ విస్తరి దగ్గర వద్దు. వారంతట వారు చెబితే వినండి.

గుడి ప్రసాదం తెచ్చి ఇచ్చినప్పుడు అతిథి కళ్లకద్దుకొని పక్కవారికి ఇవ్వవచ్చు. నేతి లడ్డు, పంచామృతం వారు తినరు కదా. దాన్ని దేవుడి పట్ల అగౌరవంగా తీసుకోకండి. పండో, కొబ్బరి ముక్కో ఇస్తే సంతోషంగా తింటారు.

వెళ్లేటప్పుడు బట్టలు పెట్టే ఆనవాయితీ ఉన్నవారు పట్టు కొనకండి. పట్టు దారం కోసం గూళ్లను పురుగులు లోపల ఉండగానే ఉడకబెడతారు. పురుగును చంపకుండా పట్టు తీసే పద్ధతిని హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్య తీసుకువచ్చారు కానీ, పట్టుపురుగుల పెంపకాన్నే ఇష్టపడని వీగన్లు దాన్నీ కట్టరు. మంగళగిరి నూలు చీర, పొందూరు ఖాదీ పంచె ఉన్నాయి. మా మేనకోడలికి నేను మొన్న పెట్టింది వెంకటగిరి నూలు చీర. తాంబూలంతో పాటు సీసాడు గోంగూర పచ్చడి, డబ్బాడు నువ్వుల ఉండలు, ఒక చిన్న గిన్నెలో వేరుశనగ పెరుగు తోడు కూడా ఇచ్చాను. "పల్లీలు ఇవాళ రాత్రికే నానబెట్టుకో" అని చెప్పాను.